వంటిల్లు పెంచుకుందామా? ముందు కాగితం

మన ఇంట్లో మనం ఎక్కువసేపు ఉండేది ఎక్కడ? వంటింట్లో. పొద్దున లేచింది మొదలు రాత్రి గిన్నెలు కడిగేదాకా అక్కడే. ఆ గది ఇరుకైతే నడుం నొప్పి మనకే. కిటికీ లేకపోతే పొగ మన కళ్ళకే. అందుకే చేతిలో నాలుగు డబ్బులు ఆడితే చాలామంది ఆడవాళ్ళు ముందుగా అనుకునే మాట ఒకటే. "ఈ ఏడాది వంటిల్లు బాగు చేయించుకోవాలి."

మా పిన్ని కూడా అలాగే అనుకుంది. రెండేళ్ళ కిందటి మాట ఇది.

పిన్ని వాళ్ళది పెంకుటిల్లు. రెండు గదులు, వెనక వసారా. వసారాలో ఒక మూల వంట. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళకు గ్యాసు ఇచ్చారు కదా, పిన్నికి కూడా అప్పుడే వచ్చింది. పొయ్యి వచ్చింది గానీ గది మారలేదు. గ్యాసు ధర చూసి నీళ్ళు కాచడానికి, పప్పు ఉడికించడానికి కట్టెల పొయ్యే వాడేది. కిటికీ లేదు. పొగంతా వసారాలోనే తిరిగేది. గోడలు నల్లబడ్డాయి. పిన్నికి దగ్గు పట్టుకుంది. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దాన్ని మనం "పొగే కదా" అని తీసి పారేస్తాం.

సంఘంలో పిన్ని అరవై వేలు లోను తీసుకుంది. వసారాని దొడ్డివైపు నాలుగు అడుగులు పెంచాలి. గోడ పెట్టాలి. కడప బండతో గట్టు కట్టాలి. పెద్ద కిటికీ పెట్టాలి. ఇదీ ఆమె లెక్క.

తాపీ మేస్త్రీ వచ్చి చూశాడు.

"పంచాయతీలో ఏమైనా అడగాలా మేస్త్రీ?" అంది పిన్ని.

"మన ఇంట్లో మన వంటగదికి పర్మిషనేంటమ్మా! రేపు పొద్దున్నే మొదలు పెట్టేద్దాం" అన్నాడు మేస్త్రీ.

మొదలు పెట్టేశారు. పాత గోడ పడగొట్టారు. రేకులు దించారు. పునాది తవ్వారు. మూడోరోజు పక్క వాటాలో ఉన్న బావగారు వచ్చి నిలబడ్డారు. బావగారంటే బాబాయికి సొంత అన్నగారు. "ఇలా కడితే మీ చూరు నీళ్ళు నా వాకిట్లో పడతాయి. మధ్య గోడ ఇద్దరిదీ. దాని మీద బరువు పెడుతూ నన్ను ఒక్క మాటైనా అడిగారా?" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఆయన కోపంగా వెళ్ళి పంచాయతీలో రాసి ఇచ్చారు.

మర్నాడు పంచాయతీ కార్యదర్శి వచ్చింది. చిన్న వయసు అమ్మాయే. కొలతలు రాసుకుంది. "పని ఆపాలమ్మా" అని నోటీసు చేతికి ఇచ్చింది. పిన్ని రాత్రి బడిలో చదువు నేర్చుకున్న మనిషి. కూడబలుక్కుని చదివింది. "అనుమతి లేకుండా" అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఏడు రోజుల్లో జవాబు రాసి ఇవ్వాలని కింద ఉంది.

అక్కడే ఇంకో తప్పు జరిగింది. ఊళ్ళో ఒకాయన వచ్చి "ఈ రాతలన్నీ మీకెందుకు, మూడు వేలు ఇవ్వండి, నేను చూసుకుంటా" అన్నాడు. ఇచ్చారు. రసీదు లేదు. మళ్ళీ ఆయన కనబడలేదు. జవాబు గడువు దాటిపోయింది. ఈలోగా వానలు దిగాయి. నలభై రోజులు పిన్ని టార్పాలిన్ పట్టా కింద వంట చేసింది. పునాది గుంటలో నీళ్ళు నిలిచి కప్పలు అరిచేవి. పని ఆగింది గానీ లోను వాయిదా ఆగలేదు.

మరి మన ఇంటికి మనం అనుమతి ఎందుకు అడగాలి? నాక్కూడా మొదట ఇది పెద్ద తంటాలాగే అనిపించింది. కానీ చూడండి. మన గోడ ఒక అడుగు ముందుకు జరిగితే పక్కవాళ్ళకు గాలి తగ్గొచ్చు. మన మురుగు వీధిలోకి పోవచ్చు. సందు ఇరుకైతే నిప్పు అంటుకున్నప్పుడు లోపలికి పోయే దారి ఉండదు. అందుకని చట్టం ఈ పనిని పంచాయతీకి అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం ఉంది. తెలంగాణలో 2018లో చేసిన చట్టం ఉంది. ఊళ్ళలో కొత్త ఇల్లు కట్టాలన్నా, ఉన్న ఇంటిని పెంచాలన్నా గ్రామ పంచాయతీ అనుమతి తీసుకోవాలి. అది వంటగది కావచ్చు, పడకగది కావచ్చు.

అలాగని ప్రతి చిన్న పనికీ పరుగెత్తనక్కర్లేదు. సున్నం వేయడం, రంగు వేయడం, పగిలిన పెంకులు మార్చడం, గచ్చు చేయించడం, గోడకు పూత పూయడం, లోపల గట్టు కట్టడం, అలమర పెట్టడం, ఇవన్నీ మరమ్మతులు. ఇంటి కొలత మారడం లేదు కదా. కొలత మారితేనే లెక్క మారుతుంది. కొత్తగా పునాది తవ్వినా, గోడ బయటికి జరిపినా, కొత్త కప్పు వేసినా, పైన గది లేపినా ముందు అనుమతి కావాలి. మీ పని ఏ లెక్కలోకి వస్తుందో తెలియకపోతే పలుగు గోడకు తగలక ముందే పంచాయతీ ఆఫీసులో అడగండి. మేస్త్రీని అడిగితే మేస్త్రీ జవాబే వస్తుంది. ఆయనకు పని కావాలి. నోటీసు మాత్రం ఇంటి యజమానికే వస్తుంది.

సరే, పిన్ని చివరికి ఏం చేసిందో చూద్దాం. ఒక రోజు ఆమే ఆఫీసుకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి ఊళ్ళలో సచివాలయాలు పెట్టారు. పంచాయతీ కార్యదర్శి అక్కడే ఉంటారు. పిన్ని వెళ్ళి నిలబడి "మేడంగారూ, తెలియక మొదలు పెట్టాం. ఇప్పుడు ఏం రాసివ్వాలి?" అని అడిగింది.

"ముందు మీ కాగితాలు చూపించండమ్మా. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?" అంది ఆ అమ్మాయి.

ఇంటి పన్ను రసీదు తీసి చూస్తే అందులో పేరు పిన్ని మామగారిది. ఆయన పోయి పదకొండేళ్ళు. ఇల్లు అన్నదమ్ములిద్దరూ నోటి మాటతో పంచుకున్నారు. తూర్పు వాటా అన్నది, పడమటి వాటా తమ్ముడిది. కాగితం మీద మాత్రం ఇల్లు ఇంకా ఒకటే.

ఇక్కడ కాస్త ఆగుదాం. వంటింటి అర్జీలు చాలా వరకు ఆగిపోయేది ఇక్కడే. అనుమతి కాగితం ఇంటి హక్కుదారు పేరు మీద వస్తుంది. ఇల్లు మీ పేరున ఉంటే మీరే సంతకం పెట్టొచ్చు. భర్త పేరున ఉంటే ఆయన పెట్టాలి. అద్దె ఇల్లయితే యజమాని పెట్టాలి. పెద్దవాళ్ళు పోయి పేరు మారకపోతే ఆ ఇంట్లో ఎంతమందికి హక్కు ఉందో అంతమంది ఒప్పుకోవాలి. హిందువుల్లో 1956 వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా భర్త పోతే ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా సమానంగా వాటా ఉంటుంది. కాబట్టి "ఆడదానికి ఇంట్లో ఏముంది, సంతకం కొడుకు పెడితే చాలు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో మాట. ఇంటి పన్ను రసీదు ఉంటే ఇల్లు మనదే అని చాలామంది అనుకుంటారు. పన్ను కట్టినట్టు ఆ రసీదు రుజువు. హక్కుకు రుజువు అది కాదు. హక్కు కాగితం వేరే. రిజిస్టరు దస్తావేజు కావచ్చు, ప్రభుత్వం ఇచ్చిన పట్టా కావచ్చు. గ్రామకంఠంలో ఉన్న పాత ఇళ్ళకు చాలాచోట్ల అసలు ఏ కాగితమూ ఉండదు. అలాంటి ఇళ్ళకు హక్కు కార్డులు ఇవ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ అనే పథకం మొదలు పెట్టింది. పైనుంచి డ్రోను ఎగరేసి ఇళ్ళ కొలతలు తీస్తారు. మీ ఊళ్ళో కొలతలు తీస్తుంటే ఇంటి దగ్గర ఉండండి. హద్దులు సరిగా పెట్టారో లేదో చూసుకోండి. కార్డులో మీ పేరు కూడా రాయమని అడగండి.

పిన్ని ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు సాయంత్రం బావగారి గడప తొక్కింది.

"బావగారూ, మిమ్మల్ని అడక్కుండా మొదలు పెట్టడం మాది తప్పే. చూరు నీళ్ళు మీ వైపు పడకుండా గొట్టం పెట్టిస్తాను. మధ్య గోడ మీద దూలం పెట్టను. మా వైపు వేరే స్తంభం వేయిస్తాను. మీరు ఒప్పుకుంటున్నట్టు ఒక సంతకం పెట్టాలి" అంది.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. తోడికోడలు మంచినీళ్ళు ఇచ్చింది. కాసేపటికి ఆయన "అదంతా కాగితం మీద రాసుకురా అమ్మాయ్, చూస్తాను" అన్నారు.

పిన్నే రాసింది. రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాసింది. బావగారు చదివి, "రెండడుగులు ఖాళీ వదలాలి" అని ఒక మాట చేర్పించి సంతకం పెట్టారు. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. ఇది ఈ కట్టడానికి ఒప్పుకున్న కాగితం మాత్రమే. ఇల్లు పంచుకున్నట్టు కాదు. పంపకాల దస్తావేజు రాసుకుంటే దాన్ని రిజిస్టరు చేయించాలి. ఆ పని పిన్ని వాళ్ళు ఇంకా చేయలేదు. చేయమని నేను పోరుతూనే ఉన్నాను.

తర్వాత కొలతలు. మేస్త్రీ అడుగుల్లో చెబుతాడు. ప్లానులో మీటర్లు రాస్తారు. ఒక మీటరు అంటే సుమారు మూడు అడుగుల మూడు అంగుళాలు. నాలుగు అడుగులంటే 1.22 మీటర్లు. చదరపు గజం అంటే తొమ్మిది చదరపు అడుగులు. సెంటు అంటే 48.4 గజాలు. రెండు సెంట్ల స్థలమంటే 97 గజాలకు ఒక చిటికెడు తక్కువ. ఈ లెక్కలు రాసి గోడకు అంటించుకోండి. కాగితం మీద ఎవరైనా ఎక్కువో తక్కువో రాస్తే మనకే తెలుస్తుంది.

ప్లాను అంటే భయపడకండి. ఇల్లు పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ. ఉన్న గదులు, కొత్తగా కట్టేది, నాలుగు వైపులా ఎంత ఖాళీ ఉంది, వీధి ఎటు, మురుగు ఎటు పోతుంది, ఇవి కనబడాలి. ఎవరి చేత గీయించాలో, ఎన్ని కాపీలు కావాలో ఆఫీసులోనే అడగండి. కొన్ని ఊళ్ళు పట్టణాభివృద్ధి సంస్థల కిందికి వస్తాయి. అక్కడ పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది.

అర్జీ ఇలా రాయొచ్చు:

పంచాయతీ కార్యదర్శి గారికి,
............ గ్రామ పంచాయతీ.

అయ్యా / అమ్మా,
నా పేరు ............. మా ఇంటి నంబరు ........... ఈ ఇల్లు ............ పేరు మీద ఉంది. మా వంటగదిని దొడ్డివైపు ...... అడుగులు పెంచి కట్టుకోవాలని అనుకుంటున్నాను. కొత్త గోడ, కిటికీ, రేకుల కప్పు వేయిస్తాను. వాడిన నీళ్ళు మా దొడ్డిలో ఇంకుడు గుంతలోకి పోతాయి. మా ఇంటి హద్దులు: తూర్పు ........, దక్షిణం ........, పడమర ........, ఉత్తరం ........
దయచేసి అనుమతి ఇప్పించగలరు.
జత చేసినవి: హక్కు కాగితం నకలు, ఇంటి పన్ను రసీదు నకలు, ప్లాను, హక్కుదారుల ఒప్పుకోలు కాగితం.
తేదీ ..........        సంతకం ..........

ఇలాంటివి రెండు రాయండి. ఒకటి వాళ్ళకు ఇవ్వండి. రెండోదాని మీద "అందింది" అని రాయించుకుని సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఆన్‌లైన్లో పెడితే ఒక నంబరు వస్తుంది. ఆ కాగితం అడిగి తెచ్చుకోండి. "మనమ్మాయే కదా, నోటి మాట చాలు" అనుకోవద్దు. రేపు ఆ అమ్మాయికి బదిలీ కావచ్చు. ఇంటి పన్ను బాకీ ఉంటే ముందు కట్టేయండి. బాకీ ఉంటే కాగితం కదలదు. ఫీజు కట్టడం వేది కొలతను బట్టి ఉంటుంది. ఎంత కట్టినా రసీదు రావాలి. రసీదు లేని డబ్బు ఫీజు కాదు.

మరి రసీదు లేని డబ్బు ఎవరైనా అడిగితే? లంచం అడగడం నేరం. 2018లో చట్టం మార్చాక ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు పోలీసులకో, అవినీతి నిరోధక శాఖకో చెప్పాలి. అప్పుడు ఇచ్చినవాళ్ళ మీద నేరం ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ ఫోను నంబరు 1064.

అర్జీ ఇచ్చి చాలా రోజులైనా ఉలుకూ పలుకూ లేదనుకోండి. 2005 సమాచార హక్కు చట్టం మనకు ఉంది. "ఫలానా తేదీన నేను ఇచ్చిన అర్జీ ఎవరి దగ్గర ఉంది? ఇంతవరకు ఏం చేశారు?" అని తెల్ల కాగితం మీద రాసి అదే ఆఫీసులో ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊరి స్థాయి ఆఫీసులో ఈ దరఖాస్తుకు ఫీజు లేదు.

పట్నంలో ఉండే అక్కలకు ఒక మాట. అక్కడ పంచాయతీ బదులు మునిసిపాలిటీ. తెలంగాణ పట్టణాల్లో 2020లో వచ్చిన చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, ఏడు మీటర్ల ఎత్తు మించకుండా సొంత ఇల్లు కట్టుకుంటే అనుమతి అడగనక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్లో నమోదు చేసుకుంటే సరిపోతుంది. అపార్టుమెంటులో ఉండేవాళ్ళు మాత్రం లోపలి గోడ కదిలించే ముందు అది బరువు మోసే గోడో కాదో ఇంజనీరుకు చూపించాలి. మన వంటగది గోడ మీద పైవాళ్ళ ఇల్లు నిలబడి ఉండొచ్చు.

ఎలాగూ అనుమతి తీసుకుని కడుతున్నాం కాబట్టి గది మంచిగా కట్టుకుందాం. వంటగదికి కనీసం 5 చదరపు మీటర్ల చోటు, 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని 2016 జాతీయ భవన నియమావళి చెబుతుంది. తొమ్మిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉంటే ఆ లెక్క సరిపోతుంది. ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. కిటికీ ఒక చదరపు మీటరుకు తగ్గకూడదు. అది బయటి గాలికే తెరుచుకోవాలి. ఇంకో గదిలోకి తెరుచుకునే కిటికీ పొగను ఆ గదిలోకి పంపుతుంది, అంతే. కట్టెల పొయ్యి ఉంచుకుంటే పొగగొట్టం కప్పు దాటి పైకి పోవాలి.

గ్యాసు గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, నేల మీదే పాకుతుంది. అందుకని గోడలో కింద కూడా గాలి పోయే కన్నాలు పెట్టించండి. సిలిండరును నిలువుగా నేల మీద ఉంచి, పొయ్యి గట్టు మీద పెట్టండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

పిన్ని అర్జీ ఇచ్చిన తర్వాత కార్యదర్శి మళ్ళీ వచ్చి కొలుచుకుంది. తెలియక ముందే మొదలు పెట్టినందుకు అదనంగా కట్టాల్సింది కట్టించుకుంది, రసీదు ఇచ్చింది. అనుమతి వచ్చింది. వినాయక చవితి వెళ్ళిన వారానికి గోడ లేచింది. బావగారి వైపు రెండడుగులు వదిలారు కాబట్టి గది అనుకున్నదానికన్నా చిన్నదైంది. వాన నీళ్ళ గొట్టానికి, స్తంభానికి ఖర్చు పెరిగింది. రంగు వేయడానికి డబ్బు మిగల్లేదు. పోయిన మూడు వేలు పోయినట్టే. కిటికీ మాత్రం పెద్దది. పొద్దున పూట ఎండ గట్టు దాకా వస్తుంది. దగ్గు తగ్గిందా అని నేను అడిగితే, "రాత్రిళ్ళు పడుకుంటున్నాను కదా" అంది.

అనుమతి కాగితం ఇప్పుడు ఆమె ట్రంకు పెట్టెలో రేషను కార్డు పక్కన ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు తోడికోడలు వచ్చి కూర్చుంది. వాళ్ళు కూడా వంటగది పెంచుకోవాలనుకుంటున్నారట. "అక్కా, నువ్వు రాసిన అర్జీ కాపీ ఉందన్నావు కదా, ఒకసారి ఇస్తావా? చూసి రాసుకుంటాను" అని పిన్ని ఆమెనే అడగమన్నట్టు నా వైపు చూసింది, ఎందుకంటే కాపీ నా దగ్గరే ఉండిపోయింది.